మన డబ్బుతో గీసిన మ్యాపు మన చేతికి ఎలా వస్తుంది?

ఈసారి విజయవాడ, గుంటూరు ప్రాంతాల పాఠకులు పంపిన ప్రశ్నల్లో చాలావరకు మ్యాపుల గురించే. పొలం కొలతల చిత్రం, టోపోషీట్ (నేల ఎత్తుపల్లాలు, ఊళ్లు, దారులు చూపే సర్వే పటం), వరద మ్యాపు, చెరువు హద్దు ఇవన్నీ ప్రభుత్వం దగ్గర ఉన్నవే, ప్రజల సొమ్ముతో తయారైనవే. వాటిని జనానికి ఇవ్వాలని చెప్పే విధానాలు కూడా ఇప్పుడు స్పష్టంగానే ఉన్నాయి. చిక్కంతా ఎవరిని అడగాలి, ఏ మాటతో అడగాలి, ఏ రూపంలో ఇవ్వమనాలి అన్న దగ్గరే వస్తోంది. కాబట్టి జవాబుల్లో ఆ వివరాలకే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: దుగ్గిరాల దగ్గర మాకు ఎకరం పొలం ఉంది. మీభూమి పోర్టల్లో ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల చిత్రం) దింపుకుని, ప్రింటు తీసి, స్కేలు పెట్టి కొలిస్తే 88 సెంట్లే వస్తోంది. అదే బొమ్మను ఫోన్లో శాటిలైట్ చిత్రం మీద పెడితే మా గట్టు పక్కవాళ్ల చేలోకి పోతోంది. ప్రభుత్వ రికార్డే తప్పా?
(ఒక రైతు, గుంటూరు జిల్లా)

రికార్డు తప్పని అప్పుడే అనుకోకండి. పోయిన 12 సెంట్లను ప్రింటరే మింగి ఉండవచ్చు. ప్రింటు ఇచ్చేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ అని ఉంటే బొమ్మ కాగితానికి సరిపడేలా కుదించుకుపోతుంది. పొడవు 94 శాతానికి తగ్గితే వెడల్పూ అంతే తగ్గుతుంది. 0.94ను 0.94తో గుణిస్తే వచ్చేది 0.88. ఎకరానికి 12 సెంట్లు కాగితం మీదే పోయాయన్నమాట. ‘యాక్చువల్ సైజ్’ ఎంచుకుంటే ఈ తేడా పోతుంది. కానీ అసలు కాగితం దశాబ్దాల నాటిది. మడతలు పడి, సాగి, ఆ తర్వాత స్కాన్ అయింది. అందుకని ఎఫ్‌ఎంబీని స్కేలు పెట్టి కొలవకూడదు. దాని మీద రాసిన అంకెలే ప్రమాణం.

ఆ అంకెలు చదివే పద్ధతి ఇదీ. ఒక రాయి నుంచి ఇంకో రాయికి కొలత గీత ఉంటుంది. దాని వెంబడి పెరుగుతూ పోయే అంకెలు బయలుదేరిన రాయి నుంచి దూరాలు. ఆ గీతకు లంబంగా పక్కకు తీసిన చిన్న గీతల మీది అంకెలు ఆఫ్‌సెట్లు, అంటే హద్దు అక్కడికి ఎంత దూరంలో ఉందో చెప్పేవి. పాత ఎఫ్‌ఎంబీల్లో ఇవి లింకుల్లో, కొత్తవాటిలో మీటర్లలో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, దానికి 100 లింకులు. ఒక లింకు 20.12 సెంటీమీటర్లు. 400 లింకుల పొడవు, 250 లింకుల వెడల్పు ఉన్న మడి లక్ష చదరపు లింకులు, అంటే సరిగ్గా ఎకరం. అదే మడి మీటర్లలో 80.47, 50.29. వైశాల్యం 4,047 చదరపు మీటర్లు, 0.4047 హెక్టారు. లింకుల అంకెను మీటర్లుగా చదివితే లెక్క దాదాపు 25 రెట్లు తప్పుతుంది కాబట్టి ఆ పొరపాటు వెంటనే బయటపడుతుంది. హెక్టార్లను ఎకరాల్లోకి మార్చేటప్పుడు 2.471 బదులు రెండున్నరతో గుణిస్తే మాత్రం పట్టుబడదు. ఎకరానికి సెంటు పైచిలుకు తేడా వస్తుంది. తగాదా పెరగడానికి ఆ సెంటు చాలు.

ఇక శాటిలైట్ చిత్రం సంగతి. పాత ఎఫ్‌ఎంబీలో అక్షాంశ రేఖాంశాలు లేవు. దాన్ని ఫోన్లో చిత్రం మీద కూర్చోబెట్టింది మీ వేలు, లేదంటే యాప్ వేసిన అంచనా. చిత్రమే కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. గట్టు కూడా కాలక్రమంలో అటూ ఇటూ జరుగుతుంది. పొరుగువారితో మాట పట్టింపు వచ్చే చోట ఈ బొమ్మను సాక్ష్యంగా పెట్టకండి.

హద్దు తేల్చుకోవాలంటే మీసేవలో గానీ, సచివాలయంలో గానీ ఎఫ్-లైన్ పిటిషన్ (హద్దు కొలిచి చూపమనే దరఖాస్తు) పెట్టండి. మీ సర్వే నంబరుది ఒక్కటే కాక, చుట్టూ ఆనుకున్న నంబర్ల ఎఫ్‌ఎంబీలు, గ్రామ పటం కూడా దగ్గర పెట్టుకోండి. సర్వేయర్ వచ్చిన రోజు జరిగే పెద్ద పొరపాటు ఏమిటంటే, ఎవరో పీకి మళ్లీ పాతిన ఒక్క రాయి నుంచి కొలత మొదలుపెట్టడం. కదలని రాళ్లు కనీసం రెండు దొరకాలి. మూడు సర్వే నంబర్లు కలిసే చోటి రాయి దొరికితే ఇంకా మంచిది. రెండు రాళ్ల మధ్య నేల మీద దూరం కొలిచి, ఎఫ్‌ఎంబీ అంకెతో సరిపోయాకే హద్దు కొలవమనండి. మీ ఊళ్లో రీసర్వే పూర్తయి ఉంటే సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబరు వస్తుంది. ఆ మ్యాపును కోర్స్ అనే స్థిర ఉపగ్రహ సంకేత కేంద్రాలకు అనుసంధానమైన రోవర్లతో (చేత పట్టుకు తిరిగే పరికరాలతో) కొలుస్తారు కాబట్టి దాని మూలలకు కోఆర్డినేట్లు, అంటే స్థానం చెప్పే అంకెలు ఉంటాయి. అప్పుడు కూడా పాత ఎఫ్‌ఎంబీ నకలు పారేయకండి. విస్తీర్ణంలో తేడా వచ్చిందని అభ్యంతరం పెట్టాలంటే పోల్చి చూపడానికి అదే ఆధారం. బ్యాంకుకైనా కోర్టుకైనా దింపుకున్న ప్రింటు కాకుండా ధ్రువీకరించిన నకలు ఇవ్వాలి.

ప్రశ్న: మా డిగ్రీ విద్యార్థులకు విజయవాడ, గుంటూరు టోపోషీట్లు చూపించాలనుకుంటున్నాం. ‘తీరానికి దగ్గరి షీట్లు బయటకు ఇవ్వరు, రక్షణ శాఖ అనుమతి కావాలి’ అని మా సీనియర్లు అంటున్నారు. ఇప్పటికీ అంతేనా?
(భూగోళశాస్త్ర అధ్యాపకురాలు, విజయవాడ)

మీ సీనియర్లు చెప్పింది ఒకప్పుడు అక్షరాలా నిజం. సరిహద్దులకు, సముద్ర తీరానికి సుమారు 80 కిలోమీటర్ల లోపలి షీట్లు ఆంక్షల పరిధిలో ఉండేవి. సూర్యలంక తీరం నుంచి గుంటూరు, బందరు తీరం నుంచి విజయవాడ రెండూ ఆ పట్టీలోనే పడతాయి. అందుకే మన ప్రాంతంలో రెండు తరాల విద్యార్థులు తమ ఊరి షీటు చూడకుండానే మ్యాపు పఠనం నేర్చుకున్నారు. అది చాలా పెద్ద లోటు.

2005 జాతీయ మ్యాపు విధానం షీట్లను రెండు వరుసలుగా విడదీసింది. రక్షణ అవసరాలకు ఒకటి, ప్రజలందరికీ ఓపెన్ సిరీస్ ఒకటి. తర్వాత 2021 ఫిబ్రవరి 15న కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు అసలు తలుపు తెరిచాయి. భారతీయులు మ్యాపులు తయారు చేయడానికి, పంచడానికి ముందస్తు అనుమతులు అక్కర్లేదని, ప్రజాధనంతో తయారైన భౌగోళిక డేటాను, భద్రతా సంస్థలు రహస్యంగా ఉంచేది మినహా, దేశంలోని వారందరికీ సులువుగా అందించాలని అవి చెప్పాయి. 2022 డిసెంబరు 28న నోటిఫై అయిన జాతీయ భౌగోళిక విధానం ఇంకో అడుగు వేసి, సర్వే ఆఫ్ ఇండియా డేటాను ఉమ్మడి సంపదగా చూడాలంది. ఎవరైనా ‘ఇవ్వం’ అంటే మీరు చూపవలసినవి ఈ రెండు పత్రాలు.

మీకు కావలసింది 1:50,000 ఓపెన్ సిరీస్ షీటు. సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్లో ఖాతా తెరిచి పీడీఎఫ్‌ను ఉచితంగా దింపుకోవచ్చు. అక్కడ తడబడేది షీటు నంబరు దగ్గరే, ఎందుకంటే నంబర్లు పాతవీ కొత్తవీ రెండు రకాలు. గుంటూరు నగరం పాత లెక్కలో 65డి/7, ఓపెన్ సిరీస్‌లో ఇ44యు7. విజయవాడ రెండు షీట్ల అంచున ఉంది. 16 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరం వైపున్నది 65డి/10, దక్షిణం వైపున్నది 65డి/11. ఓపెన్ సిరీస్‌లో అవి ఇ44యు10, ఇ44యు11. నగరమంతా కావాలంటే రెండూ దింపుకోవాలి. ఒక్కటి దింపి సగం ఊరు లేదేమిటని వెతుక్కునేవాళ్లు చాలామంది.

క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో పెట్టదలిస్తే నాలుగు మూలల్లో ముద్రించిన డిగ్రీలు, నిమిషాలే షీటును స్థానంలో కూర్చోబెట్టే కంట్రోల్ పాయింట్లు. ఒక్కో షీటు అటు 15 నిమిషాలు, ఇటు 15 నిమిషాలు. ఓపెన్ సిరీస్ డబ్ల్యూజీఎస్84 డేటమ్ (స్థానాలు లెక్కగట్టడానికి వాడే భూమి నమూనా) మీద ఉంటుంది కాబట్టి అలాగే ఎంచుకోండి. మీ లైబ్రరీలో పాత కాగితపు షీటు ఉంటే అది ఎవరెస్ట్ డేటమ్. దాన్ని డబ్ల్యూజీఎస్84 అని చెప్పి పెడితే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా జరిగిపోయి, బందరు కాలువ పక్క వీధుల్లో పారుతున్నట్టు కనిపిస్తుంది. పిల్లలకు ఈ తప్పు కావాలని ఒకసారి చేయించి చూపండి. డేటమ్ అంటే ఏమిటో అప్పుడు మరిచిపోరు. అలాగే షీటు అంచున ముద్రణ సంవత్సరంతో పాటు సర్వే సంవత్సరం కూడా ఉంటుంది. మీరు చూస్తున్న నేల రెండోదాని నాటిది.

దేశపటం ముద్రించేటప్పుడు ఒక జాగ్రత్త. సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా చూపినట్టే ఉండాలి. తేడాగా ప్రచురిస్తే 1961 క్రిమినల్ లా సవరణ చట్టం కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది. విదేశీ వెబ్‌సైట్ల నుంచి తీసుకున్న రేఖాపటాలు కాలేజీ సావనీర్లలో పెట్టేటప్పుడు ఈ మాట గుర్తుండాలి.

ప్రశ్న: మంగళగిరిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మాది. డెలివరీ వాళ్ల కోసం వీధి స్థాయి మ్యాపు తయారు చేస్తున్నాం. లైసెన్సు ఎవరిస్తారు? డేటా విదేశీ క్లౌడ్‌లో పెట్టవచ్చా?

మీ కంపెనీ యాజమాన్యం భారతీయ పౌరులదైతే లైసెన్సు అక్కర్లేదు, 2021 మార్గదర్శకాలను పాటిస్తున్నామని స్వీయ ధ్రువీకరణ చాలు. క్లౌడ్ విషయంలో గీత అడ్డంగా ఒక మీటరు, నిలువుగా మూడు మీటర్ల ఖచ్చితత్వం దగ్గర ఉంది. అంతకన్నా సూక్ష్మమైన డేటా అయితే దేశంలోనే ఉన్న సర్వర్లలో దాచాలి, అక్కడే ప్రాసెస్ చేయాలి. బైక్‌కు కెమెరా కట్టి వీధులు చిత్రీకరించడం, నేల మీద తిరిగి సరిచూడడం లాంటివి ఖచ్చితత్వం ఎంతైనా సరే భారతీయ సంస్థలకే అనుమతి. రేపు విదేశీ పెట్టుబడి తీసుకుని యాజమాన్యం చేతులు మారితే మీ హోదా మారుతుందని ఒప్పందానికి ముందే చూసుకోండి. రక్షణకు సంబంధించిన చోట్ల మ్యాపులో ఆ స్థలం ఉండవచ్చు గానీ, అది ఫలానా అని పేరు, గుర్తు పెట్టకూడని లక్షణాలు కొన్ని ఉంటాయి. డ్రోన్ ఎగరేస్తే అది వేరే చట్టం. 2021 డ్రోన్ నియమాల కింద డిజిటల్ స్కై మ్యాపులో రంగు చూసుకుని ఎగరాలి. గన్నవరం విమానాశ్రయం చుట్టుపక్కల మరీ జాగ్రత్త.

ప్రశ్న: మాది అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరు వరదలో ఇంట్లోకి నీళ్లొచ్చాయి. మా వీధి ఎంత ఎత్తులో ఉందో ప్రభుత్వ మ్యాపులో చూడొచ్చా? ఫోన్లో జీపీఎస్ యాప్ మైనస్ ఎత్తు చూపిస్తోంది. మేం సముద్రం కన్నా కిందున్నామా?
(ఒక గృహిణి, విజయవాడ)

లేదమ్మా, సముద్రం కన్నా పైనే ఉన్నారు. జీపీఎస్ ఎత్తును లెక్కపెట్టేది సముద్ర మట్టం నుంచి కాదు, భూమి ఆకారానికి దగ్గరగా గణితం గీసిన ఒక నునుపైన గుడ్డు ఉపరితలం నుంచి. శ్రీలంకకు దక్షిణాన గురుత్వం బలహీనంగా ఉండడంతో అసలు సముద్ర మట్టం ఆ ఉపరితలం కన్నా వంద మీటర్లకు పైగా దిగువన ఉంది. ఆ పల్లం ప్రభావం మన కోస్తా దాకా వస్తుంది. ఇక్కడ తేడా డెబ్భై, ఎనభై మీటర్ల దాకా ఉంటుంది. కొన్ని యాప్‌లు దాన్ని సరిచేసి చూపిస్తాయి, కొన్ని సరిచేయవు. మీది సరిచేయని యాప్. రెండు ఫోన్లలో రెండు ఎత్తులు కనిపించినా కంగారు పడకండి.

మీ వీధి ఎత్తుకు ఉచిత మ్యాపులు సాయపడవు. ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఇచ్చే కార్టోడెమ్ అనే ఎత్తుల మ్యాపు 30 మీటర్ల గడులతో ఉంటుంది. ఒక్కో గడిలో మూడు నాలుగు ఇళ్లు, చెట్లు కలిసిపోతాయి. కనిపించే ఎత్తు నేలది కాక డాబాలది కావచ్చు, తప్పు కొన్ని మీటర్లు ఉంటుంది. టోపోషీట్‌లో కాంటూర్ల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు. బుడమేరు వాగు నీళ్లు మీ గుమ్మం దాటడానికీ ఆగిపోవడానికీ మధ్య ఉన్నది అడుగో, రెండడుగులో. అడుగుల తేడాను అలాంటి మ్యాపులు పట్టుకోలేవు. వాటిని చూసి ‘మా కాలనీ సురక్షితం’ అని ఎవరైనా స్థలం అమ్మజూపితే నమ్మవద్దు.

నీరు ఎక్కడిదాకా వచ్చిందో చూపే మ్యాపులు ఎన్‌ఆర్‌ఎస్‌సీ భువన్ పోర్టల్ విపత్తుల విభాగంలో ఉంటాయి. వాటిని చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఉపగ్రహం పైనుంచి పోయిన ఆ గంటలో ఉన్న నీటినే అవి చూపిస్తాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటిపోయిన వేళకూ, ఉపగ్రహం చూసిన వేళకూ మధ్య నీళ్లు లేచి ఉండవచ్చు, తీసి ఉండవచ్చు. రెండోది, మబ్బుల్లోంచి చూసే రాడార్‌కు ఇళ్ల మధ్య నిలిచిన నీరు సరిగా కనిపించదు. గోడల నుంచి తిరిగివచ్చే సంకేతం నీటిని కప్పేస్తుంది. మ్యాపులో మీ వీధికి రంగు లేదంటే అక్కడ నీళ్లు రాలేదని అర్థం కాదు. పరిహారం దరఖాస్తు అలాంటి కారణంతో తిరస్కరిస్తే ఈ సంగతి రాసి అభ్యంతరం చెప్పండి.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. గోడ మీద వరద మరక ఇంకా ఉంటే దాని పైఅంచున పెయింటుతో గీత గీసి, తేదీ వేసి, గచ్చు నుంచి ఎత్తు కొలిచి, టేపు కనిపించేలా ఫోటో తీయండి. వీధిలో పదిళ్లలో గీతలు ఉంటే, ఆటో లెవెల్ (ఎత్తుల తేడా కొలిచే పరికరం) ఉన్న సర్వేయర్ ఒక్క రోజులో అన్నిటినీ ఒకే మట్టానికి కట్టగలడు. సముద్ర మట్టం నుంచి అసలు ఎత్తు కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా బెంచ్ మార్కు (ఎత్తు తేల్చి పెట్టిన గుర్తు) నుంచి గానీ, జలవనరుల శాఖ కాలువ కట్టల మీద పెట్టిన బెంచ్ మార్కు నుంచి గానీ మొదలెట్టాలి. లెవెలింగ్ బయలుదేరిన చోటికే తిరిగొచ్చి ముగించమనండి. అలా ముగించకపోతే తప్పు ఎంతో ఎప్పటికీ తెలియదు. బుడమేరు పొడవు కోత, అడ్డకోత చిత్రాలు జలవనరుల శాఖ దగ్గర ఉంటాయి. వాటిని సమాచార హక్కు కింద అడగవచ్చు. చివరి జవాబు చూడండి.

ప్రశ్న: కృష్ణా తీరంలో ఇసుక తవ్వకం ఏడాదికేడాది ఎలా మారిందో చూపాలి. ప్రభుత్వ శాటిలైట్ చిత్రాలు కొనాలా?

అక్కర్లేదు. 2023 భారత అంతరిక్ష విధానం ప్రకారం ఒక్కో చుక్క నేల మీద 5 మీటర్లు, అంతకన్నా ఎక్కువ ఉండే ముతక చిత్రాలు ప్రభుత్వ ఉపగ్రహాలవైతే అందరికీ ఉచితం. అంతకన్నా సూక్ష్మమైనవి ప్రభుత్వ సంస్థలకు ఉచితం, మిగతావారికి ధర. 5.8 మీటర్ల లిస్-4 కెమెరా చిత్రాలు ఎన్‌ఆర్‌ఎస్‌సీ భూనిధి పోర్టల్లో ఉంటాయి. పోల్చడానికి ఒకే నెల చిత్రాలు తీసుకోండి. ఏప్రిల్ చిత్రాన్ని అక్టోబరు చిత్రంతో పోలిస్తే మీకు కనిపించేది ఇసుక తేడా కాదు, నీటి తేడా.

ప్రశ్న: గుంటూరు జిల్లా మండలాల మ్యాపు మీద కొత్త గణాంకాలు పెడుతుంటే సగం మండలాలు ఖాళీగా వస్తున్నాయి. ఎందుకు?

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది. మీ సరిహద్దుల ఫైలు పాతది, గణాంకాలు కొత్తవి. ఇంకో కారణం ఇంగ్లిషు స్పెల్లింగు. ఒకే ఊరు మూడు ఫైళ్లలో మూడు రకాలుగా ఉంటుంది. పేర్లతో ఎప్పుడూ జోడించకండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ, మండలానికీ కోడ్ ఉంది. రెండు ఫైళ్లకూ ఆ కోడ్ ఎక్కించి దానితోనే జోడించండి. కోడ్ ముందు సున్నాలుంటే వాటిని ఎక్సెల్ తినేయకుండా ఆ కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చుకోండి.

ప్రశ్న: మా ఊరి చెరువు హద్దుల డిజిటల్ మ్యాపు ఇవ్వమని ఒక కార్యాలయంలో అడిగాం. మొదట ‘భద్రతా కారణాలు’ అన్నారు. గట్టిగా అడిగితే చదవడానికి వీల్లేని జిరాక్స్ ఒకటి చేతిలో పెట్టారు. ఇంక ఏం చేయాలి?
(ఒక యువజన సంఘం, తెనాలి)

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మీరు అడిగారు, కానీ అడిగిన మాటలో పట్టు లేదు. నోటిమాటగా అడిగితే నోటిమాటే జవాబుగా వస్తుంది. ఈసారి సమాచార హక్కు చట్టం సెక్షన్ 6 కింద రాతపూర్వకంగా ఇవ్వండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుమే లేదు. సంఘం పేరుతో కాకుండా ఒక పౌరుడి పేరుతో దరఖాస్తు చేయండి. చట్టం హక్కు ఇచ్చింది పౌరులకు కాబట్టి ఆ వంకతో తిప్పి పంపే వీలుండకూడదు.

‘చెరువు వివరాలు ఇవ్వండి’ అని రాస్తే పని జరగదు. లేని సమాచారాన్ని తయారు చేసి ఇవ్వాల్సిన బాధ్యత అధికారికి లేదు. ఉన్నదాన్ని ఇవ్వాలి. అందుకని రెండు అడుగులు వేయండి. మొదటి దరఖాస్తులో సెక్షన్ 4(1)(బి)(14) ప్రకారం ఆ కార్యాలయంలో ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న సమాచార వివరాలు అడగండి. ఈ జాబితాను నిజానికి వాళ్లే ముందుగా ప్రకటించి ఉండాలి. ఫైలు ఉందని తేలాక రెండో దరఖాస్తు ఇలా ఉండవచ్చు:

‘ఫలానా మండలం, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబర్లలోని చెరువు పోరంబోకు హద్దుల డిజిటల్ ఫైలును మీ కంప్యూటర్‌లో ఏ రూపంలో ఉందో అదే రూపంలో, సెక్షన్ 2(జె)(4) ప్రకారం సీడీలో ఇవ్వగలరు. అది షేప్ ఫైల్ అయితే ఎస్‌హెచ్‌పీ, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే అనే నాలుగు భాగాలూ ఇవ్వగలరు. సర్వే చేసిన తేదీ, డేటమ్, ప్రొజెక్షన్ తెలిపే కాగితాల నకళ్లు ఇవ్వగలరు. పట్టాదారుల పేర్లు, వ్యక్తిగత వివరాలు నాకు అవసరం లేదు.’

ఆ ఆఖరి వాక్యం తప్పకుండా ఉండాలి. వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె)ను 2023 వ్యక్తిగత డేటా చట్టం మరింత బిగించింది. పేర్లు మీరే వద్దంటే ఆ కారణం చూపడానికి చోటుండదు. పేర్లు అదే ఫైల్లో ఉన్నా, సెక్షన్ 10 ప్రకారం వాటిని తీసేసి మిగతాది ఇవ్వాలి.

నాలుగు భాగాలూ ఎందుకు అడగమన్నామంటే, మూడే ఇచ్చి పంపడం మామూలు. అంకెలు ఏ కొలత పద్ధతిలో ఉన్నాయో చెప్పే పీఆర్‌జే లేకపోతే మ్యాపు సముద్రంలో తేలుతుంది. అలా జరిగితే ఫైలు లోపలి అంకెలు చూడండి. అడ్డం అంకె 4.6 లక్షల దగ్గర, నిలువు అంకె 18.2 లక్షల దగ్గర ఉంటే అది విజయవాడ వైపు యూటీఎం (స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి) 44 ఉత్తర జోన్, క్యూజీఐఎస్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. మీ తెనాలికీ అదే జోన్. 80, 16 లాంటి చిన్న అంకెలుంటే అవి డిగ్రీలు. సున్నా దగ్గర మొదలయ్యే అంకెలుంటే అది కోఆర్డినేట్లు లేని క్యాడ్ బొమ్మ. దాన్ని నేలకు కట్టడానికి కనీసం నాలుగు చోట్ల కొలత తీసుకోవాలి.

‘భద్రత’ అన్న మాట గురించి. సెక్షన్ 8(1)(ఎ) దేశ భద్రతను కాపాడుతుంది, నిజమే. కానీ ఊరి చెరువు గట్టు దాని కిందకు ఎలా వస్తుందో కారణం రాసి ఇవ్వాల్సింది తిరస్కరించిన అధికారే. 2021 మార్గదర్శకాలు, 2022 విధానం తెరిచే దిశలోనే ఉన్నాయని మీ అప్పీలులో రాయండి. ‘మ్యాపుకు కాపీరైటు ఉంది’ అంటే సెక్షన్ 9 చదివి వినిపించండి. ప్రభుత్వేతరుల కాపీరైటుకు భంగం కలిగితేనే ఆ సెక్షన్ వర్తిస్తుంది, ప్రభుత్వం సొంత మ్యాపుకు కాదు. ‘అది మా శాఖది కాదు’ అంటే సెక్షన్ 6(3) ప్రకారం ఐదు రోజుల్లో సంబంధిత శాఖకు వాళ్లే పంపాలి. చెరువు విషయంలో ఇది తరచు వచ్చేదే. నేల రెవెన్యూది, నీరు జలవనరుల శాఖది లేదా పంచాయతీది, కొలతలు సర్వే శాఖవి. హద్దుల ఫైలుకు జిల్లా సర్వే, భూరికార్డుల సహాయ సంచాలకుల కార్యాలయంతో మొదలుపెడితే తిరుగుడు తగ్గుతుంది.

చేతికొచ్చిన ఆ జిరాక్స్‌ను పారేయకండి. అది ఇచ్చారంటే అసలు పటం వాళ్ల దగ్గర ఉన్నట్టే. సెక్షన్ 2(జె) కింద అసలు పటాన్ని స్వయంగా చూసే హక్కు కూడా మీకుంది. తనిఖీకి తేదీ అడిగి వెళ్లి, పటం అంచున ఉన్న స్కేలు, తేదీ, సంతకం ముందు రాసుకోండి. ఫోటోకు అనుమతి అడగండి. ఫోన్‌ను పటానికి నిటారుగా పట్టుకుని, నాలుగు మూలలూ, పక్కన ఒక స్కేలూ కనిపించేలా తీస్తే తర్వాత సరిచేసుకోవచ్చు.

దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబు రావాలి. గడువు దాటితే సెక్షన్ 7(6) ప్రకారం నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, వచ్చింది పనికిరాకపోయినా, 30 రోజుల్లో అదే శాఖలోని పైఅధికారికి మొదటి అప్పీలు. దాని నిర్ణయానికి 30 రోజులు, కారణం రాస్తే 45 రోజుల దాకా గడువు. అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దీన్ని సెక్షన్ 19 కిందే వేయండి. సెక్షన్ 18 కింద ఫిర్యాదు చేస్తే అధికారి మీద జరిమానా పడవచ్చు గానీ ఫైలు మీ చేతికి రాదు. ప్రతి దరఖాస్తునూ స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు (ప్రూఫ్ ఆఫ్ డెలివరీ) కోరి పంపి, ఆ రుజువు రాగానే దాని మీది తేదీ నుంచి రోజులు లెక్కపెట్టుకోండి.